చిత్తం

అమెరికాలో మా ఆష్‌బర్న్ తెలుగు బడి వార్షికోత్సవానికి ఆ ఏడాది నాటకం నేనే రాశాను. కాకతీయుల కాలపు సామంతుడొకడు, ప్రజల చెరువు నీళ్లు రాజుగారి తోటలకు మళ్లించనని ఎదురుతిరుగుతాడు. రెండు రంగాలు మీసం మెలేసి, మూడో రంగంలో సంకెళ్లతో నిలబడి, తలవంచి "చిత్తం, మహాప్రభో" అంటాడు. రాజు క్షమిస్తాడు. బతికుంటే బలుసాకు తినొచ్చు కదా! ఆ సామెత మీద అప్పట్లో నాకు మహా గురి. హెచ్-వన్ వీసా మీద బతికేవాడికి అంతకన్నా వేదం ఏముంటుంది?

సామంతుడి వేషం మా అమ్మాయిది. పదకొండేళ్లు. రిహార్సల్‌కి వెళ్తూ కార్‌లో అడిగింది.

"నాన్నా, చిత్తం అంటే ఏంటి?"

"మనసు, తల్లీ."

"మరి హి వాజ్ రైట్ కదా. తన మనసు కింగ్‌కి ఎందుకు ఇస్తాడు?"

"అది ఒట్టి మర్యాద మాటమ్మా. యెస్ సర్ అన్నట్టు," అన్నాను.

నేను డేటా సెంటర్‌లో పనిచేస్తాను. నాటకానికి ముందురోజు, శుక్రవారం, మా మేనేజర్ బ్యాకప్ జనరేటర్ల టెస్ట్ పూర్తయిందని రిపోర్ట్ రాయమన్నాడు. ఆ టెస్ట్ ఎవరూ చేయలేదు. కరెంటు పోయిన రోజున అవి మొరాయిస్తే మా సర్వర్ల మీద నడిచే ఏ ఆసుపత్రి పనులు ఆగిపోతాయో తెలియదు. కాదంటే ఉద్యోగం పోతుంది, పోతే అరవై రోజుల్లో దేశం వదలాలి. "ష్యూర్" అని సంతకం పెట్టాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

శనివారం మూడో రంగంలో మా అమ్మాయి అట్ట సంకెళ్లతో నిలబడింది. తల వంచలేదు. మాట మరిచిపోయిందనుకుని తెర పక్కనుంచి "చిత్తం, చిత్తం" అని అందించాను. నా వైపు ఒకసారి చూసి, రాజు వైపు తిరిగింది.

"చిత్తం నాది, మహాప్రభో. ఇవ్వను."

రాజు వేషం వేసిన అంకుల్ నోరు తెరిచాడు. నాటకమే అంత అనుకుని హాలంతా చప్పట్లు కొట్టారు. నాకు చేతులు లేవలేదు.

ఇంటికి వస్తుంటే, అంటించిన మీసం పీక్కుంటూ బిక్కమొహం వేసింది. "మ్యాడ్‌గా ఉన్నావా నాన్నా? స్క్రిప్ట్ చేంజ్ చేశా."

"లేదమ్మా. తప్పు రాసింది నేను."

సోమవారం పొద్దున్నే మేనేజర్ గదికి వెళ్లి, ఆ రిపోర్ట్ ఆయన ముందు పెట్టి, అదే మాట ఇంగ్లీషులో చెప్పాను.