అంగుళం పొట్టి తుపాకీ

ఆల్బర్ట్ థర్కెటిల్ ఎవరిని చూసినా ముందు ముఖం చూడడు, భుజం చూస్తాడు. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో ఒక సంతవీధి చివర యాభై రెండేళ్లుగా వేట తుపాకులకు భుజానికి ఆనే కర్ర పిడులు చెక్కి బతికినవాడు. మెడ పొడుగు, చెయ్యి పొట్టి, బుగ్గ లావు, అన్నీ అతనికి కొలతలే. పెళ్లినాడు తననూ అలాగే చూశాడని భార్య మేవిస్ ఇప్పటికీ దెప్పుతుంది. “ముద్దు పెట్టుకుంటాడనుకున్నాను. కుడి భుజం కాస్త జారిందే అన్నాడు.”

మంచి తుపాకీ కోటులాంటిది. ఒకరి ఒంటికి కుట్టింది మరొకరికి పట్టదు. దొరలకు ఈ ఒక్క సంగతి తప్ప అన్నీ గుర్తే: ఏ తాత ఏ రాజు పక్కన నిలబడి కాల్చాడు, ఒక్క పొద్దున ఎన్ని పక్షులు రాలాయి. ఏ దేశం తిరిగినా అంతే. వంశం ఎంత పాతదైతే కథ అంత మెరుస్తుంది, తుడిచే గుడ్డ మాత్రం నౌకరు చేతిలో ఉంటుంది.

1958 అక్టోబరులో సర్ ఆబరన్ వికమీర్ ఒక తోలుపెట్టె పట్టుకుని కొట్లోకి వచ్చాడు. వెనకే కూతురు ఫిలిప్పా, ఆవిడ వెనక తడిసిన కుక్క.

“మా తాత హెక్టర్‌గారి తుపాకీ. ఎరుగుదువుగా, ఆల్బర్ట్?”

“ఎరక్కేం దొరగారూ. వేటలో పక్కన నిలబడి తూటాలు నింపింది మా నాన్నే.”

“ఈ ఏడు దీంతో నాకు ఒక్క పక్షీ పడలేదు. సముద్రపు గాలికి పిడి కుంచించుకుపోయి అంగుళం పొట్టిదైపోయింది. చివర కోసేసి కొత్త ముక్క అతికించు. వంపు కూడా తప్పు వైపుంది, తిప్పెయ్.”

థర్కెటిల్ పిడి మీద బొటనవేలు పోనిచ్చాడు. అరవై ఏళ్ల అక్రోటు కర్ర. అందులో చారలు వరద తీసిన ఏట్లో ఇసకమేటల్లా ఉన్నాయి. రంపం పెడితే ఆ అందం ఇక తిరిగి రాదు. పెట్టనంటే కారణం చెప్పాలి. ఆ కారణం తండ్రి అతనికి చెప్పి, నోరు మూసుకోమన్నాడు. నలభై ఏళ్లుగా మూసుకునే ఉన్నాడు.

“కర్ర కుంచించుకుంటే అడ్డంగా కుంచించుకుంటుంది దొరగారూ. నిలువునా కుంచించుకున్నదాన్ని నేను చూళ్లేదు.”

“అయితే మా తాత పొట్టివాడంటావా?”

“అనను. మీ హాల్లో వారి పటం చూశాను, ఆరడుగుల పైనే.”

“పటం గీసినవాడికి భోజనం పెట్టింది ఆయనే కదా,” అంది టీ తెచ్చిన మేవిస్.

ఫిలిప్పా ఎడమ చేత్తో చక్కెర కలుపుకుంటోంది. థర్కెటిల్ అది చూశాడు. తుపాకీని మధ్యకు మడిచి, గొట్టాలు ఖాళీ అని చూపించి, మళ్లీ మూసి ఆమెకిచ్చాడు.

“చిన్నమ్మగారూ, కళ్లు మూసుకుని ఎత్తండి.”

ఆమె ఎత్తింది, ఎడమ భుజానికి. కళ్లు తెరిచేసరికి గొట్టాలు ఎదురింటి పొగగొట్టం మీది కాకి వైపు సూటిగా ఉన్నాయి. పిడి బుగ్గకు పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నట్టు ఆనింది.

సర్ ఆబరన్ టీ కప్పు కింద పెట్టాడు.

“మా నానమ్మ ఎడమ చేత్తో రాసేది,” అన్నాడు. “మనిషి ఐదడుగులు.”

“అవును దొరగారూ. మా నాన్న తూటాలు నింపింది ఆవిడకే.”

“మరి తాత?”

“బ్రాందీ సీసా పట్టుకునేవారట. చాలా జాగ్రత్తగా.”

“వేట పుస్తకంలో పక్షులన్నీ తాత పేరునే ఉన్నాయయ్యా.”

“పుస్తకం రాసిందీ వారే కదండీ.”

సర్ ఆబరన్ కుక్క వైపు చూశాడు. అదీ ఆదుకోలేదు.

“సరే, కోయకు,” అని తుపాకీ కోసం చెయ్యి చాచాడు.

ఫిలిప్పా ఇంకా దించలేదు. “శనివారం వేటకి ఇది నేను తెచ్చుకుంటాను,” అంది కాకి మీద నుంచి చూపు తిప్పకుండా. “మీరు బ్రాందీ పట్టుకోండి, నాన్నా.”