మరియరత్నానికి మేం చూపించిన సముద్రం

మా సైన్సు మాస్టారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను హైదరాబాదులో ఒక ఏసీ గదిలో కూర్చుని, ఆయన తన కథలో సృష్టించిన మనిషికి లేని అన్నను పుట్టిస్తున్నాను. మా వెబ్ సిరీస్ రెండో సీజన్‌కి విలన్ కావాలట. "ఆమె కన్ను సొంత అన్నే పొడిచాడని పెడదాం సార్, ఎమోషన్ అదిరిపోద్ది" అంటున్నాడు డైరెక్టరు. ఫోనులో అమ్మగారు, మాస్టారి భార్య, "మీ సార్ పొద్దున టీ తాగుతా తాగుతానే ఒరిగిపోయారు నాన్నా" అని ఏడుస్తున్నారు. బయటికొచ్చి గోడకు ఆనుకున్నాను. ఏడుపు రాలేదు. నా మీద నాకు రోత పుట్టింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రేపల్లె మిషను బడిలో సైన్సు పాఠాలు చెప్పిన ఆయన, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక వారపత్రికకు అంతరిక్ష సీరియల్ రాశారు. తర్వాత తెనాలిలో పుస్తకంగా అచ్చయింది. అందులో ఓడ నడిపే సారంగు మరియరత్నం, చంద్రుడి మీద గనుల్లో పుట్టిన ముసలామె. ఎడమ కన్ను లేదు. ఎలా పోయిందని అడిగినవాళ్లకు తలా ఒక కథ చెబుతుంది. తాలింపులో ఆవాలు చిట్లాయంటుంది, కోడి పొడిచిందంటుంది. చంద్రుడి మీద కోళ్లెక్కడివమ్మా అంటే బోసినోటితో నవ్వేస్తుంది. అసలు సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు. మేం అడిగితే "ఆవిడ నాక్కూడా చెప్పలేదురా" అనేవారు మాస్టారు.

పత్రికకు పంపేముందు ప్రతి వారం భాగాన్నీ శనివారం చివరి పీరియడులో మాకు చదివి వినిపించేవారు. ముందు రాసినదానికి పొసగని మాట ఎవరైనా పట్టుకుంటే పప్పుచెక్క ఇచ్చేవారు. మా కళ్లు కూడా కప్పి తప్పు అచ్చయిపోతే, తర్వాతి వారం కథ చివర పాఠకులకు క్షమాపణ రాసేవారు. ఒకసారి ఎడమ కన్నుకు బదులు కుడి కన్ను అని చదివారు. నేను లేచి నిలబడ్డాను. "నువ్వుండగా నా కథకి భయం లేదురా" అని రెండు పప్పుచెక్కలిచ్చారు. ఇంటికెళ్లి అమ్మకు చూపించేదాకా తినలేదు.

ఆ కథలో అందరికీ గుర్తున్న ఘట్టం ఒకటుంది. డెబ్బై ఏళ్లొచ్చాక మరియరత్నం మొదటిసారి భూమ్మీద దిగుతుంది. ఓడలో పనిచేసే కుర్ర ఇంజనీరు ఆమెను బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డుకు తీసుకెళతాడు. అంత నోరున్న మనిషి చాలాసేపు మాట్లాడదు. తర్వాత చెప్పులు విడిచి, "ఇదంతా నీళ్లేనా అబ్బాయ్?" అంటుంది. ఆ సాయంత్రమే చనిపోతుంది. ఆ వారం పత్రిక వచ్చిన రోజున, బస్టాండు దగ్గర టైలరింగు షాపు పెట్టుకున్న సాయిబు బాబాయి మాస్టారి సైకిలు ఆపేశాడు.

"ఏంటి సార్, పెద్దావిడని చంపేశారంట?"

"టైమొచ్చింది సాయిబుగారూ."

"మళ్లీ లేపండి సార్. మా ఇంట్లో ఆడోళ్లు అన్నాలు మానేశారు."

"చచ్చినవాళ్లని లేపే పని ప్రభువుదండి. నాలాంటోడు చేస్తే నవ్వుతారు."

ఆమెను బతికించమని పత్రికవాళ్లు కూడా ఉత్తరం రాశారు. ఆయన ఒప్పుకోలేదు. ఆదివారం ప్రార్థనకు కూర్చున్నంత నిష్ఠగా ఆ ఒక్క చావునూ కాపాడుకున్నారు.

చచ్చినవాళ్లను లేపడానికి మా పరిశ్రమ ఒక దొడ్డిదారి కనిపెట్టింది. దాని పేరు ప్రీక్వెల్. పాత్ర పోయింది కాబట్టి వెనక్కి వెళ్లి దాని చిన్నతనాన్ని తవ్వుకుంటారు. నేను సినిమాల్లో రాస్తున్నానన్న ప్రేమతో మాస్టారు మాకు హక్కులిచ్చారు. సంతకం పెడుతూ ఒక్కటే అడిగారు. "ముందు జరిగింది మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి. తర్వాత జరిగింది మాత్రం చెడగొట్టమాకండిరా." నా మీద ఒట్టు సార్ అన్నాను. ఆ ఒట్టు గుర్తొస్తే ఇప్పుడు నా నోరు నాకే చేదుగా ఉంది.

ఏం చేశామో చెబుతాను. పుస్తకంలో మరియరత్నం ఓడ మరలు, పిడులు, స్పానర్ల ఓడ. మేం తీసింది దానికి యాభై ఏళ్ల ముందు కథ. అందులో ఓడ నిండా గాలిలో తేలే గాజు తెరలు! ఈ యాభై ఏళ్లలో అంత గొప్ప ఓడ పిడుల్లోకి ఎలా దిగజారిందని ఎవరూ అడగలేదు. ముసలితనంలో గాని ఆమెకు కలవని ఆ కుర్ర ఇంజనీరుకు ఒక తాతను పుట్టించి, ఆ తాతను ఆమెకు ప్రియుణ్ణి చేశాం. డెబ్బై ఏళ్లు బతుకుతుందని ఊరందరికీ తెలిసిన మనిషిని ప్రతి ఎపిసోడ్ చివరా అగాధం అంచున వేలాడదీసి, బతుకుతుందా లేదా అని డప్పు కొట్టాం. మచ్చకో ఫ్లాష్‌బ్యాక్, ఊతపదానికో ఫ్లాష్‌బ్యాక్. మనిషన్నాక కాస్త తెలియనితనం ఉండాలన్న ఇంగితం మాకు లేదు. ప్రేమించిన పాత్రను గౌరవిస్తున్నామంటూ ఇంటర్వ్యూలు కూడా ఇచ్చాం. ఛీ.

వీటన్నిటినీ మించింది మొదటి ఎపిసోడ్. ఒక డ్రోను అద్దెకు తెచ్చారు. దానికి సముద్రం కావాలి. సూర్యలంక ఒడ్డున షూటింగు పెట్టి, అసలు కథకు ముందు చిన్నతనం ముక్కగా, ఎనిమిదేళ్ల మరియరత్నం అలల్లో పరుగెత్తుతున్నట్టు రాయమన్నారు.

"ఆవిడ డెబ్బై ఏళ్లదాకా సముద్రం చూడలేదండి. కథంతా దానిమీదే నిలబడింది" అన్నాను.

"ఎవరికి గుర్తుంటది సార్? ఓపెనింగ్ షాట్ చూడండి ఎట్టా ఉందో" అన్నాడు డైరెక్టరు.

ఎవరికి గుర్తుంటుందో నాకు తెలుసు. రేపల్లె నుంచి కొల్లూరు దాకా, ఒడ్డున ఆవిడన్న ఆ ఒక్క మాట మీద కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అయినా నేను మళ్లీ నోరెత్తలేదు. నీడలో కుర్చీ వేయించుకుని, చేపల వేపుడు తింటూ ఆ సీను రాసిచ్చాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. షాటు నిజంగానే బాగుందని అనుకున్నాను కూడా.

సిరీస్ విడుదలయ్యాక తెనాలిలో రైలు మారి రేపల్లె వెళ్లాను. తిడతారనే వెళ్లాను, తిడితే బాగుండుననే వెళ్లాను. మాస్టారు వాకిట్లో పడక కుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. "ఓడ బాగా కట్టార్రా" అన్నారు. "ఆ చిన్నపిల్ల చక్కగా చేసింది" అన్నారు. సముద్రం ఊసెత్తలేదు. ఇడ్లీ తిన్నావా, మీ అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి అని అడిగారు. క్షమించండి సార్ అందామనుకున్నాను. అంటే ఆ విషయం మాట్లాడాల్సి వస్తుందని మానేశాను. రైలుకు టైమైందని లేచాను. నిజానికి ఇంకా గంటన్నర ఉంది.

మొన్న సమాధి కార్యక్రమం అయ్యాక అమ్మగారు నన్ను లోపలికి పిలిచి పాత పుస్తకం చేతిలో పెట్టారు. తెనాలి ప్రెస్సువాళ్లు మళ్లీ అచ్చువేస్తామన్నారట. మాస్టారు చివరి వారమంతా దాన్ని దిద్దుతూ కూర్చున్నారట.

"'వద్దండీ, ఓపిక లేదు కదా' అన్నా ఇన్లేదు నాన్నా. 'వాడు సిరీస్‌లో రాసింది అబద్ధమైపోకూడదు కదే, నాదే మార్చుకుంటా' అన్నారు."

సూర్యలంక పేజీ తెరిచాను. 'జీవితంలో మొదటిసారి సముద్రాన్ని చూసింది' అన్నచోట 'మొదటిసారి' మీద ఎర్రసిరా గీత ఉంది. పైన వణికే చేతిరాతలో 'చిన్నతనం తర్వాత మళ్లీ' అని దిద్దారు. ఆమె మౌనంగా నిలబడిన పేరా మొత్తం కొట్టేశారు. చెప్పులు విడిచిన వాక్యం కొట్టేశారు. నేను చెడగొట్టినదానికి సరిపోయేలా, తన పుస్తకంలో తనకు అన్నిటికంటే ఇష్టమైన పేజీని తన చేత్తోనే పాడుచేసుకుంటూ వచ్చారు.

"ఇదంతా నీళ్లేనా అబ్బాయ్?" దగ్గర మాత్రం గీత లేదు. ఆ మాట ముందు కలం ఆనించి చాలాసేపు అలాగే ఉంచినట్టు పెద్ద ఎర్రచుక్క, కాగితంలో ఇంకి వెనక పేజీకి కూడా దిగింది.