తలుపుకు మాత్రమే తాళం వేసిన ఫోరం

ఈశ్వరమ్మ గారు పిల్లల తల్లిదండ్రులను తిట్టారన్న వార్త నాకు మొదట తెచ్చినవాడు జంగ్లీఘాట్‌లో ఆటో నడిపే సింహాచలం. "దీదీ, గజబ్ అయిపోనాది. మా పాప టీచరమ్మ మమ్మల్ని సదువు రాని మొద్దులని రాసీసింది. ఏటిది?" అంటూ ఫోన్ నా ముందు పెట్టాడు. చూశాను. రాత ఆవిడ పేరు మీదే ఉంది. అది పడిన వేళకు ఆవిడ డిగ్లీపూర్ బస్సులో, సిగ్నల్ అందని అడవి దారిలో ఉన్నారని నాకు తెలుసు. ఆ బస్సు ఎక్కించి వచ్చింది నేనే.

మా దీవులకు సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వచ్చిన కొత్తలో నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక తెలుగు సంఘం వారి ఫోరానికి నిర్వాహకురాలిని. ఓడ టికెట్లు, ఆసుపత్రులు, బదిలీల గురించి సభ్యులు రాసుకునే వెబ్‌సైటు అది. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు నాన్న దగ్గర, కంప్యూటరు ఇంట్లో కూర్చుని నేర్చుకున్నాను. అలాంటిదాన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని. కమిటీకి కూడా పెట్టుకునేదాన్నే, వారు అది తమ హక్కు అనుకునేవారు.

ఫోరంలో ఈశ్వరమ్మ గారిది పిల్లల విభాగం. ఇక్కడి పిల్లలకు తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. ఆవిడ డిగ్లీపూర్‌లో కూర్చుని వారం వారం పాఠం పెట్టేవారు. ఈ గొడవతో, రాబోయే ఆదివారం కమిటీలో ఆ విభాగం మూసి, ఆవిడ సభ్యత్వం తీసేయాలని అధ్యక్షుల వారు నిశ్చయించారు. విచారణ ఎందుకు, పేరు కనిపిస్తూనే ఉందిగా! బస్సు సంగతి చెబితే కార్యదర్శి గారు, "ఆవిడ బస్సులోనే ఉన్నారని ఎవరు సూశారు మేడమ్?" అన్నారు. నేను చూశాను అన్నాను. అది లెక్కలోకి రాలేదు.

జరిగింది నాకు అర్థమైంది. మా ఫోరంలో లాగిన్ పేజీ ఒక్కటే హెచ్‌టీటీపీఎస్ మీద, అంటే దారిలో ఎవరూ చదవలేని సంకేత రూపంలో నడిచేది. మిగతా పేజీలన్నీ బహిరంగంగా నడిచేవి. మొత్తం ఫోరం హెచ్‌టీటీపీఎస్ మీద పెడదామని నేను అడిగినప్పుడు సాంకేతిక ఉపసంఘం ఒప్పుకోలేదు. "తలుపుకి తాళం ఉంది కదా, పెతీ గదికీ ఏటికి? నెట్ స్లో అయిపోద్ది," అన్నారు కార్యదర్శి గారు. కేబుల్ వచ్చినా శాటిలైట్ కాలం నాటి కారణాన్ని వారు భద్రంగా దాచుకున్నారు.

లాగిన్ అయ్యాక సర్వరు మన బ్రౌజరుకు కుకీ అనే చిన్న చీటీ ఇస్తుంది. హోప్ టౌన్ వెళ్ళే బోటులో అడిగినప్పుడల్లా చూపే టికెట్టులా, ప్రతి పేజీ దగ్గరా బ్రౌజరు దాన్ని చూపిస్తుంది. బహిరంగంగా చూపిస్తే పక్కవాడు నకలు తీసుకుంటాడు. పాస్‌వర్డు తెలియకపోయినా ఆ నకలుతో మన పేరు మీద రాసేయగలడు. పైగా సంఘం అతిథి గృహంలో వైఫైకి పాస్‌వర్డు లేదు. ఇంటికి వచ్చినవాళ్ళను పాస్‌వర్డు అడగమనడం మర్యాద కాదని సంఘం ఆచారం. ఈశ్వరమ్మ గారు ఆసుపత్రి పని మీద వచ్చి అక్కడే బస చేశారు. బస్సు ఎక్కేముందు ఆ వైఫై మీదే పాఠం పెట్టారు. మర్యాద పూర్తిగా అందింది.

ఆదివారం ఆ అతిథి గృహంలోనే కూర్చున్న కమిటీకి ఇదంతా వివరించాను. అధ్యక్షుల వారు ఫోన్‌లో ఫోరం చూసుకుంటూ, "నా పేరు మీద కూడా రాసేగలవేటమ్మా? ఏదీ, రాయి సూద్దాం!" అని నవ్వారు. అనుమతి ఇచ్చారు కదా. అదే వైఫై మీద వారి కుకీ పట్టుకుని, నా లాప్‌టాప్ నుంచి వారి పేరుతో రాశాను: "ఈశ్వరమ్మ గారిని విచారించకుండా నింద వేసినందుకు క్షమాపణలు. పాఠాలు కొనసాగుతాయి."

ఫోన్‌లో అది చూసి వారు లేచి నిలబడ్డారు. "అరే, ఇది నేను రాయలేదు!"

"ఆవిడ కూడా అదే అంటున్నారండి," అన్నాను.

విభాగం మూసే తీర్మానం ఆ పూట చర్చకు రాలేదు, ఆ తరువాతా రాలేదు. మొత్తం ఫోరం హెచ్‌టీటీపీఎస్ మీదకు మార్చడానికి అనుమతి మాత్రం చాయ్ రాకముందే వచ్చింది. పాత కుకీలన్నీ రద్దు చేశాను. లాగిన్ పేజీకి ఉన్న హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్టును ఫోరం అంతటికీ వర్తింపజేశాను. పాత చిరునామాలతో వచ్చేవారిని కొత్త దారికి మళ్ళించాను. బహిరంగ దారిలో అడుగు పెట్టవద్దని కుకీకి ముద్ర వేశాను. అయినా బ్రౌజరులో, దారి భద్రమని చెప్పే తాళం గుర్తు రాదే! పేజీలో ఒక్క బొమ్మ పాత దారిన వచ్చినా ఆ గుర్తు పడదు. వెతికితే దొరికింది. ప్రతి పేజీ పైనా చిరునవ్వుతో వెలిగే అధ్యక్షుల వారి ఫొటో, వారి మేనల్లుడి సైటు నుంచి వస్తోంది.

"నా ఫొటోకేటమ్మా దోషం?" అన్నారు.

"ఫొటో బాగుందండి. వచ్చే దారే బాగాలేదు."

తీసేస్తానని భయపడ్డారు పాపం. మన సర్వరులోనే పెట్టాను. అప్పటి నుంచి ఆ చిరునవ్వు కూడా సంకేత రూపంలోనే ప్రయాణిస్తోంది.

కుకీ దొంగ దొరకలేదు. కమిటీ ఈశ్వరమ్మ గారికి క్షమాపణ చెప్పలేదు. నేను రాసిన ఆ రెండు వాక్యాలే ఇప్పటికీ ఫోరంలో ఉన్నాయి. చెరిపేస్తే అధ్యక్షుల వారు మాట మార్చారని జనం అనుకుంటారట. సింహాచలం అది కూతురి చేత చదివించుకుని, "పెద్దమనిషే, దీదీ," అన్నాడు. నేను కాదనలేదు.

లాగిన్ పేజీని ఒక్కదాన్నే కాపాడితే సభ్యుణ్ణి కాపాడినట్టు కాదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా హెచ్‌టీటీపీఎస్ ఉండాలి. కమిటీలకు ఇది చెబితే అర్థం కాదు, వారి పేరు మీద చూపిస్తే వెంటనే అవుతుంది. నేను నేర్చుకున్నది ఇంతే.

ఒక్క మనవి. ఆ వారమంతా జనం తిడుతుండగా ఈశ్వరమ్మ గారు నాకు ఒకే ఒక్క మెయిలు పంపారు. అందులో తన గురించి ఒక్క మాట లేదు. తరువాతి పాఠం ఉంది. కింద, "విభాగం మూసేస్తే ఇది పిల్లలకు వేరే ఏదైనా దారిలో అందించండి" అని ఉంది. మీ బ్రౌజరులో ఆ చిన్న తాళం కనిపించినప్పుడు ఆవిడను ఒకసారి తలుచుకోండి.