పెద్దనాయన బిగించిన కొక్కెం

మొన్న ఆదివారం మా అమ్మాయి బాల్కనీలో వేలాడే కుర్చీ ఒకటి పెట్టించుకుంటానని పట్టుబట్టింది. కోకాపేటలో మేమిప్పుడుంటున్న అపార్టుమెంటులో గోడకి చిల్లు పెట్టాలంటే దానికో వేళ, దానికో పర్మిషను. అవన్నీ దాటి, ఫోనులో బుక్ చేస్తే వచ్చిన మెకానిక్ డ్రిల్లు ఆన్ చేశాడో లేదో, పై అంతస్తువాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఈ చప్పుడేమిటని మెసేజీ పెట్టారు. ఆ పైవాళ్ళ మొహం నేనింతవరకూ చూడలేదు. అతను చిటికెలో కొక్కెం బిగించి, దుమ్ము కూడా తనే పీల్చేసే మిషనుతో శుభ్రం చేసి వెళ్ళిపోయాడు. చీపురు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డ నాకు ఏ పనీ మిగల్లేదు. పనిలేక ఆ కొక్కెం వంకే చూస్తుంటే మా అమ్మాయి పుట్టిన ఇల్లు గుర్తొచ్చింది. పిల్ల కోసం కొట్టిన మొదటి కొక్కెం కూడా గుర్తొచ్చింది. ఆ రోజు ఊడ్చిన దుమ్ము ఇప్పటికీ నా గొంతులో ఎక్కడో ఉండే ఉంటుంది.

అది తొంభైల చివర. మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య కొత్తగా గుండ్రటి అద్దాల భవనం లేచిన రోజులు. మావారికి ఆ పక్కనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూకట్‌పల్లి వెనకవైపు ఒక రెండంతస్తుల ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాం. ఇక్కడి వాళ్ళ మాటలో చెప్పాలంటే కిరాయికి. పైన ఓనరుగారూ, ఆయన భార్యా ఉండేవారు. మొదటి రోజు నేను "సార్" అని పిలిస్తే ఆయన నొచ్చుకున్నారు. "సారేంది బిడ్డా, నేనేమన్న బడిపంతుల్నా? పెద్దనాయనా అను." ఆ రోజునుంచీ ఆయన పెద్దనాయన, ఆవిడ పెద్దమ్మ.

ఆ ఇంటిని పెద్దనాయన మేస్త్రీల పక్కన నిలబడి, ఇటుక ఇటుకకీ నీళ్ళు కొట్టి కట్టించుకున్నారు. అందుకని ఆ ఇంట్లో ఏం చెడిపోయినా ఆయన చెయ్యే పడాలి. బయటివాళ్ళని పిలవడానికి వీల్లేదు. ఏదైనా పాడైందని తెలిస్తే చాలు, రెగ్జిన్ సంచీ ఒకటి చంకన పెట్టుకుని దిగిపోయేవారు. అందులో ఓ సుత్తి, కట్టింగ్ ప్లేయరు, సైకిలు ట్యూబు ముక్కలు, పురికొస, అరిగిపోయిన సబ్బుముక్క ఉండేవి. ట్యాంకు కారినా, గొట్టం కారినా ముందు సబ్బుముక్క, దాని మీద ట్యూబు, దాని మీద పురికొస. ఆయన ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారని విని మొదట్లో మేం ఎంతో ధైర్యంగా ఉన్నాం. పనిచేసింది క్యాంటీన్లో అని తెలిసేసరికి అడ్వాన్సు ఇచ్చేశాం.

ఆయన బాగుచేశాక వంటింటి కుళాయి, ఆయన భాషలో నల్లా, ఎడమకి తిప్పితే ఆగేది, కుడికి తిప్పితే వచ్చేది. హాల్లో ఫ్యాను స్విచ్చి ఎందుకో వంటింట్లోకి వెళ్ళింది. బాత్రూము తలుపుని మోకాలితో కాస్త ఎత్తి తోస్తేగానీ గొళ్ళెం పడేది కాదు. చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు ఇవన్నీ చెప్పుకోవలసి వచ్చేది. ఒకటి సరిచేస్తే ఇంకోటి పాడవడం తన ఆఫీసులో మామూలేనని మావారు నవ్వేసేవారు. నవ్వడానికేం, ఊడ్చేది ఆయన కాదుగా. పెద్దనాయన రిపేరు అరగంటైతే, నా తుడుపు ఒక పూట. సున్నం, ఇసుక, తుప్పు, వాటి మీద ఆయన చెప్పుల గుర్తులు. విసుగ్గా నడుం పట్టుకుని నిలబడితే "ఫికర్ జెయ్యకు బిడ్డా, నేనున్న గద" అనేవారు. ఆయన ఉండటమే మా ఫికర్ అని చెప్పేదెలా? అంత ప్రేమగా అనేవారు మరి.

పురుడు పుట్టింట్లో పోసుకోవడం మా వైపు ఆనవాయితీ. నాకేమో డాక్టరమ్మ రైలు ప్రయాణం వద్దంది. దాంతో అమ్మే తెనాలి నుంచి దిగింది, ఉయ్యాలతో సహా. టేకు ఉయ్యాల, ఇత్తడి గొలుసులు. నేనూ, అంతకుముందు అమ్మా అందులోనే పడుకున్నాం. విడగొట్టి, పాత చీరల్లో చుట్టి, రైల్లో బెర్తు కింద పెట్టుకుని, దారి పొడుగునా కాళ్ళతో కాపలా కాసి తెచ్చింది. పాప పుట్టింది. బారసాల దగ్గరపడింది. అమ్మ ఉయ్యాల విప్పి తుడిచి, పైకి చూసి నోటిమీద వేలేసుకుంది. "ఇదేం ఇల్లే తల్లీ, సీలింగుకి ఒక్క కొక్కెమైనా లేదు!" మా ఊళ్ళో ఇల్లు కట్టినప్పుడే దూలానికి ఉయ్యాల కొక్కేలు వేస్తారు. ఇక్కడ స్లాబు నున్నగా అరచెయ్యిలా ఉంది.

మావారు కూలీల అడ్డా నుంచి మేస్త్రీని పిలుచుకొస్తానన్నారు. ఆ మాట పైకెలా చేరిందో, పెద్దనాయన సంచీతో ప్రత్యక్షం. "నా ఇంటికి బయటోడొచ్చి బొక్క గొడ్తడా? నేను సచ్చిన్నా?" అన్నారు. మేస్త్రీ మాట అక్కడితో ఆగింది. పాపని లోపలి గదిలో పెట్టుకుని కూర్చున్నాం. ఆయన స్టూలెక్కి, ఉలితో స్లాబు కాస్త చెక్కి, కొక్కెం గుచ్చి, సిమెంటు కూరారు. అది ఆరాక, ఆయనే బియ్యం బస్తా తెచ్చి వేలాడదీసి, "సూడు చెల్లె, ఏనుగు ఊగినా ఏం గాదు" అని అమ్మతో గర్వంగా అన్నారు. ఏనుగు దాకా ఎందుకు, బస్తా ఒక ఊపు ఊగింది. కొక్కెం, దాంతోపాటు పళ్ళెమంత సున్నం పెచ్చు, కిందికొచ్చాయి. హాలంతా బియ్యం.

ఎవరం నవ్వలేదు. ఆ బస్తా స్థానంలో ఏముండేదో అందరి కళ్ళముందూ ఆడింది. అమ్మ ఒక్క మాట కూడా తూలలేదు. "పోనివ్వండి అన్నయ్యగారూ. ఉయ్యాల లేకపోతే ఏవైందండీ, పిల్లని చాపమీదే పడుకోబెట్టి పేరు పెట్టుకుంటాం" అంది. తిట్టినా బాగుండేది. పెద్దనాయన బియ్యం అంతా తనే ఎత్తి, "నేనున్న గద" అనకుండా మెట్లెక్కి వెళ్ళిపోయారు. అమ్మ గొలుసులు తీసి మళ్ళీ పాత చీరలో చుడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. అంత దూరం నుంచి తెచ్చుకుంది పాపం. మెట్లెక్కేటప్పటి పెద్దనాయన మొహం తలుచుకుంటే అదీ ఏడుపే.

తర్వాత ఆయన కనబడటం మానేశారు. కుళాయి కారినా రాలేదు. బారసాల ముందు రోజు పొద్దున్నే నెత్తిమీద దబదబమని మొదలైంది. ఫ్యాను వణికింది. కాసేపటికి హాలు సీలింగులోంచి సున్నం రాలి, ఒక ఇనుప చువ్వ మొన కిందికి తొంగిచూసింది. ఆ చిల్లులోంచి పెద్దమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? బంగారమసొంటి షాబాదు బండ పల్గగొట్టినవ్! రేపు చుట్టాలొస్తే ఏం జెప్పాలె?"

"జర ఊకో. కింద పిల్ల పండుకోవాలె" అన్నారు పెద్దనాయన.

కింది నుంచి పట్టు దొరకలేదని, తన హాలు నడిమధ్య నేలబండ పగలగొట్టి, స్లాబు దాకా చిల్లు వేసి, వేలిలావు చువ్వ దింపారు. పైన అడ్డంగా ఇనపపట్టీ, దాని మీద నట్టు. కింద కొక్కెం. సంచీ లేకుండా కిందికొచ్చి, ఆ కొక్కేనికి మోకు కట్టి, పీట బిగించి, ఈసారి బస్తాని తేలేదు. తనే ఎక్కి కూర్చున్నారు. పంచె సర్దుకుని, నేలని కాలితో తన్ని, భారీ మనిషి, అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టారు. "నువ్వు గూడ రా" అని పెద్దమ్మని పిలిచారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సిగ్గు లేదు ముసలోనికి" అంది. చివరికి మా అమ్మే నవ్వు ఆపుకోలేక, "చాలండీ అన్నయ్యగారూ, దిగండి, దిష్టి తగులుతుంది!" అని, చీర మూట విప్పి గొలుసులు తీసింది.

మర్నాడు ఉయ్యాలకి బంతిపూలు కట్టారు. పేరంటాళ్ళొచ్చారు. పాపని పడుకోబెట్టే వేళకి పెద్దనాయన ఎక్కడా కనబడలేదు. పెద్దమ్మని అడిగితే పైకి చూపించి తల కొట్టుకుంది. పాట పాడి, పేరు పెట్టి, అందరూ తలో ఊపూ ఊపాక అమ్మ శనగలూ అరటిపళ్ళూ పట్టుకుని మెట్లెక్కింది. వెనకే నేనూ వెళ్ళాను. పెద్దనాయన కొత్త పంచె కట్టుకుని, హాలు నడుమ నట్టు మీద కాలు అదిమిపెట్టి, చేతిలో పానాతో బొమ్మలా నిలబడి ఉన్నారు. "ఊపుడైందా?" అని అడిగారు. "అయింది" అని చెప్పాకగానీ కాలు తియ్యలేదు. అమ్మ ఆయన చేతిలో శనగలు పోసి, పైన ఇంకో గుప్పెడు పోసింది.

ఆ తర్వాత ఉయ్యాల ఆగినప్పుడల్లా పైనుంచి కేక వినిపించేది. "బిడ్డా, పిల్ల పండుకున్నదా? కాలుకు ఊగుడు తెలుస్తలేదు!" ఆ కేకకి పిల్ల లేచేది. అది వేరే సంగతి. పాపకి నడకొచ్చి, ఉయ్యాల విప్పేశాక కూడా ఆయన ఆ నట్టు తీయలేదు. వచ్చినవాళ్ళందరి కాలివేళ్ళూ దానికి తగిలేవి. పెద్దమ్మ దాని మీద ఓ పూలకుండీ పెట్టింది. మేం సొంత ఫ్లాటు కొనుక్కుని ఖాళీ చేసే రోజున, కొక్కెం పీకేసి చిల్లు పూడ్పిస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. "ఉండనీ. ఇంకెవలన్న పిల్లల్గల్లోళ్ళు రారా?" అన్నారు.

ఇప్పుడు ఆయన లేరు. ఆ ఇల్లు కొట్టేసి అపార్టుమెంటు కట్టారు. కొత్త కుర్చీలో మా అమ్మాయి ఫోను చూసుకుంటూ ఊగుతోంది. కొక్కేనికి నెల రోజుల గ్యారంటీ ఉందట. పైనుంచి ఎవరివో అడుగుల చప్పుడు వినిపించింది. ఆ పిల్ల ఉయ్యాలలో ఊగిన రోజులు ఎప్పుడో వెళ్ళిపోయాయని లోకం లెక్క. నాకు మాత్రం పెద్దనాయన ఇంకా పైనే ఉన్నట్టూ, ఊపడం అయిందని ఎవరూ చెప్పలేదు గనక ఆ కాలం జారిపోకుండా దాని మీంచి కాలు తియ్యనట్టూ ఉంటుంది.