సాక్ష్యం చెప్పిన ఆదివారం

నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి నెలసరి నాలుగైదు నెలలకోసారి చుట్టపుచూపుగా వచ్చేది. అది చాలదన్నట్టు మెడ మీద, చంకల్లో సెగ్గడ్డలు. ఒకటి మానేలోపు ఇంకొకటి లేచేది. జలుబు పట్టిందంటే నెల తిరిగినా వదిలేది కాదు. అప్పుడు మేం ఖమ్మం పక్కనే ఖానాపురం హవేలిలో కిరాయికి ఉండేవాళ్లం. దగ్గర్లోని ప్రైవేటు బళ్లో నేను సైన్సు చెప్పేదాన్ని. రోగనిరోధక శక్తి పాఠం చెబుతూ, గడ్డ కనబడకుండా చున్నీ సర్దుకునేదాన్ని.

ఖమ్మంలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి అండాశయాల్లో నీటిబుడగలున్నాయంది. "ఇది ఒక్క అండాశయాల సంగతి కాదమ్మా. నీ ఒంట్ల ఇన్సులిన్ సరిగ పనిచేస్తలేదు. లోపల సన్నగ వాపు ఉంటది, రోగాలను ఆపే శక్తి గూడ గాడి తప్పుతది. ఈ గోలీలు ఆపకుండ వాడాలె" అని షుగరు గోలీలు రాసింది. షుగరు లేని పిల్లకు షుగరు గోలీలేందని మా అమ్మ షేరు ఆటోలో దారి పొడుగునా సణిగింది, పక్కవాళ్లందరికీ వినబడేట్టు.

మొదటి మూడు వారాలు నరకం చూశాను. వాంతులు, విరేచనాలు. పాఠం మధ్యలో పొట్ట పట్టుకుని పరుగెత్తేదాన్ని. అయినా మానలేదు. మూడో నెలలో నెలసరి వచ్చింది. మరుసటి నెల మళ్లీ వచ్చింది. కొత్త గడ్డలు లేవడం తగ్గింది. వరసగా రెండో నెల వచ్చిన రోజు స్నానాల గదిలో నిలబడి సంతోషంతో ఏడ్చాను.

అమ్మ లెక్కలో గోలీకి ఇందులో పాత్రే లేదు. చర్చిలో స్త్రీల కూడికలో ఆమె నా కోసం ప్రార్థన విన్నపం పెట్టింది. అంటే నా నెలసరి సంగతి సంఘంలో ఆడవాళ్లందరికీ తెలుసన్నమాట. పాపం, వాళ్లు శుక్రవారాలు ఉపవాసాలు కూడా ఉన్నారు.

"ప్రభువు ముట్టిండు బిడ్డా. ఆయన చేసిన మేలు ఆదివారం మైకు ముందట అందరికి సాక్ష్యం చెప్పాలె" అంది అమ్మ.

"గోలీలు గూడ వాడిన అని చెప్తా మరి."

"గట్ల చెప్తే ఇగ సాక్ష్యమేంది? మందుల షాపాయన గొప్ప చెప్పినట్టుంటది!"

మా పాస్టరుగారు మందులు మానమని ఏనాడూ అనలేదు. ఆయన భార్యే రోజూ బీపీ గోలీ వేసుకునేది. ఆ ఆదివారం మైకు పట్టుకున్నాక, "గోలీలన్నీ బంద్ చేసిన, ప్రభువే నన్ను బాగుచేసిండు" అన్నాను. అమ్మ నాకు ఆ మాట నేర్పలేదు. అది నా సొంత కవిత్వం. జనం చప్పట్లు కొడుతుంటే, స్తోత్రం స్తోత్రం అంటుంటే నాకు మత్తెక్కింది. ఇంటికొచ్చాక, అన్న మాట అబద్ధం కాకూడదని గోలీలు నిజంగానే ఆపేశాను. సైన్సు టీచర్ని!

నాలుగు నెలల్లో అన్నీ తిరిగొచ్చాయి. ఈలోగా భద్రాచలం దగ్గర గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. అక్కడ నన్నెరిగినవాళ్లు లేరు కనుక వేరే డాక్టరు దగ్గరికి వెళ్లి, మళ్లీ అవే గోలీలు మొదలుపెట్టాను. మళ్లీ అవే వాంతులు. ఈసారి ఒళ్లు లొంగడానికి చాలా నెలలు పట్టింది. శనివారం బస్సెక్కి ఇంటికొచ్చినప్పుడల్లా ఎవరి కంటా పడకుండా మింగేదాన్ని.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, పాటల బృందంలో పాడే పిల్ల నన్ను మెట్ల దగ్గర ఆపింది. పంతొమ్మిదేళ్లుంటాయి. మెడ మీద చీము కట్టిన గడ్డ.

"వందనాలక్కా. నాకూ నీ రోగమేనంట. నీ సాక్ష్యం విన్ననాడే నేను గూడ గోలీలు బంద్ చేసిన. ఏడాది కావొస్తుంది, ఏం తగ్గలే. నా విశ్వాసమే తక్కువైందా అక్కా?"

అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. నా చేతిలో బైబిలు, దాని జిప్పు కవరులో గోలీల అట్ట. జిప్పు తీసి ఆ పిల్లకు చూపిస్తే అయిపోయేది. ఒక్క క్షణం పని. నా పరువు పోయేది, ఆమె ఒళ్లు బాగుపడేది. ఇవాళ్టికీ నన్ను నేను క్షమించుకోలేని చోటు అదే.

"ఇంకా బాగ ప్రార్థన చేసుకో చెల్లె" అన్నాను.

ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది. నేను ఇంటికొచ్చి, అన్నం తిని, నా గోలీ వేసుకున్నాను.