తెంచిన మొలతాడు

నాయన్ను కట్టెల మీద పడుకోబెట్టాక మొలతాడు తెంచడం నేను కళ్ళారా చూశాను. అందుకే హిందూపురం ఆస్పత్రిలో హెర్నియా ఆపరేషన్‌కు ముందు నర్సు కత్తెరతో నా మొలతాడు కత్తిరించినప్పుడు ఒళ్ళు జలదరించింది.

బొడ్డు కింద కోసి, పేగు మళ్ళీ బయటికి తోసుకురాకుండా లోపల ప్లాస్టిక్ వల వేసి కుట్టారు. ఇంటికి పంపేటప్పుడు బరువులెత్తొద్దన్నారు, ముక్కొద్దన్నారు. మాత్రల అట్టల మీద రాసింది కూడా కూడబలుక్కుని చదివాను. మొలతాడు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఊరు చేరగానే అక్క నా నడుం తడిమింది.

"మొలతాడు యాడరా?"

"ఆస్పత్రిలో కత్తిరించేసినారు."

"మళ్ళా కట్టకుండానే పంపినారా? బతికున్న మనిషివా, పీనుగువా నువ్వు?"

ఆ మాటకు నాయన కళ్ళ ముందు మెదిలాడు. అక్క ఎర్రదారం పేని, పసుపు రాసి, కట్టు అంచు మీదుగా బిగించి ముడేసింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది కూడా.

వారం తిరక్కముందే దారం ఒరుసుకుని కుట్ల చివర ఎర్రబడింది. ఆపైన పంచెకు తడి అంటింది, చలిజ్వరం పట్టుకుంది. అక్క నన్ను పెనుకొండలో హిందూపురం బస్సెక్కించి తనూ వెంట వచ్చింది. బస్సు కుదిపినప్పుడల్లా లోపలి వల ఊడిపోతున్నట్టే అనిపించి, పొట్టను రెండు చేతులా అదుముకుని కూర్చున్నాను.

డాక్టరమ్మ చూసి, "తాతా, ఈ తాడు ఎవురు కట్టినారు?" అంది.

"నేనే కట్టినా," అంది అక్క. "మొలతాడు లేకుండా మొగోడు ఎట్లుంటాడమ్మా?"

"చీము పట్టుండాది. మళ్ళా అడ్మిట్ కావాల. మందులకు తగ్గకపోతే లోపలి వల తీసేయాల్సి వస్తాది. అది తీస్తే హెర్నియా తిరగబెడతాది."

భయంలోనే నాకు కోపం ముంచుకొచ్చింది.

"మా నడుముకు తాడుంటాదని మీకు తెల్దా తల్లీ? దినామూ కత్తిరించేది మీరే గదా. పుండు మానేదాకా కట్టుకోవద్దని ఒక్క మాట చెప్పేదానికేమి?"

ఆమె కుట్ల పక్కన వేలితో నొక్కింది. నర్సు కత్తెర తెచ్చింది. అక్క గోడవైపు తిరిగింది.

రోజూ కట్టు విప్పేటప్పుడు నేను పొట్ట వైపు చూసేవాణ్ణి కాదు, డాక్టరమ్మ ముఖమే చూసేవాణ్ణి. చివరికి చీము తగ్గింది. వల లోపలే ఉండిపోయింది.

"ఇప్పటికైతే తప్పింది తాతా. మళ్ళా తడి కనపడితే ఆ పొద్దే రావాల."

"ఎన్నాళ్ళు చూసుకోవాలమ్మా?"

"ఉన్నన్నాళ్ళూ."

ఏడాది దాటింది. దగ్గు వస్తుందనిపిస్తే ముందుగా అరచేత్తో పొట్ట అదుముకుంటాను. దగ్గాక ఆ చెయ్యి తీసి వెలుతురులో చూసుకుంటాను.