దత్తపదికి నాలుగు ఫ్రెంచి మాటలు

ఆవిడ మా ఇంటికి వచ్చింది రాళ్ల కోసం. ఫ్రాన్సులో భూగర్భశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట మా పల్నాడు మీద సముద్రం ఉండేదట. దాని అడుగున పెరిగిన నాచు పొరలు పొరలుగా ఇక్కడి సున్నపురాతిలో అచ్చుపడి ఉందట. దాన్ని చూడటానికి గురజాల చేరింది. ఇక్కడి డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి, మాట సాయానికి మా ప్రిన్సిపాలుగారు ఆవిడను నాకు అప్పగించారు. మా మేడమీద గది ఖాళీగా ఉంటే ఆ చలికాలమంతా అందులోనే ఉంది.

పగలంతా క్వారీల్లో తిరిగి మోకాళ్లదాకా తెల్లటి దుమ్ముతో వచ్చేది. ఈ వయసులో ఈమెకి రాళ్ల వెంట తిరిగే ఖర్మేందని మా అత్తగారు మొదట్లో సణిగింది. కానీ ఆవిడ ఒకరోజు వంటింటి గుమ్మంలో చతికిలబడి, ఎవరూ అడక్కుండానే చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి మా అత్తగారికి ఆవిడ ‘వదిన’ అయిపోయింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ లోటు ఇద్దరికీ పట్టలేదు.

సాయంత్రాలు ఆవిడ వరండాలో కూర్చుని రాసుకునేది. రాళ్ల మీద రిపోర్టేమో అనుకున్నాను. కాదట, కథ. ఆ కథలో ఒకే ఒక్క అచ్చక్షరం వాడుతోందట, మిగతా అచ్చులు రానివ్వదట. ఎందుకని అడిగితే, తనకో బృందం ఉందని చెప్పింది. అందులో లెక్కల మేష్టర్లు, ఒక డాక్టరు, ఇద్దరు కవులు. నెలకోసారి ఒక హోటలు వెనక గదిలో కలుస్తారు. రాయబోయే ముందు ఎవరికి వారు ఒక కఠినమైన నియమం పెట్టుకుంటారు. ఆ నియమం దాటకుండా రాసింది మిగతావాళ్లకు చదివి వినిపిస్తారు.

అవధానం గురించి చెప్పాను. ఒక అక్షరం పలకగానే తరవాత ఫలానా అక్షరం రాకూడదని అడ్డుపడే నిషిద్ధాక్షరి గురించీ, సంబంధం లేని నాలుగు మాటలిచ్చి పద్యంలో ఇరికించమనే దత్తపది గురించీ చెప్పాను. కాగితం లేకుండా, జనం ముందు, ఇన్నీ ఒకేసారి ఒక్క మనిషి చేస్తాడంటే ఆవిడ నమ్మలేదు. నన్ను ఆటపట్టిస్తున్నావా అంది. ఆ నెలలోనే నరసరావుపేటలో అవధానం ఉంది. జరిపించేది నాకు తెలిసిన తెలుగు లెక్చరరే. ఫోన్ చేసి సంగతి చెబితే, ఆయన సంబరపడి దత్తపది ఆవిడకే ఇచ్చాడు.

ఇక మాటలు ఏరాలి. ఫ్రెంచి మాటలే ఇవ్వాలని ఆవిడ పట్టు. ఒక్కోటి పలుకుతుంటే మా అత్తగారు చెవొగ్గి, అందులో తెలుగేమైనా వినబడుతుందేమో చెప్పేది. నీళ్లను వాళ్లు ‘ఓ’ అంటారు. రాత్రిని ‘నుయి’ అంటారు. పక్షిగూడు ‘నీ’. నాలుగో మాట చాలాసేపటికి గానీ దొరకలేదు. చివరికి ఆవిడ ‘మారి’ అంది. దానికి అర్థమేందని మా అత్తగారు అడిగింది. మొగుడని చెప్పాను.

“మొగుడా? మాకు మారి అంటే మారిపోవటమే. సరిగ్గానే పెట్టుకున్నారు గదే” అంది.

అనువదించి చెబితే ఆవిడ నవ్వింది. నవ్వి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. తన భర్త గురించి అంతవరకూ ఒక్క మాటా అనలేదన్న సంగతి నాకప్పుడు తట్టింది.

ఆదివారం పొద్దున ముగ్గురం నరసరావుపేట వెళ్లాం. మా అత్తగారి పట్టుచీర కట్టుకుని ఆవిడ పృచ్ఛకుల వరసలో కూర్చుంది. తన వంతు రాగానే నాలుగు మాటలూ చదివి, దాహం మీద పద్యం కావాలంది. సభ చప్పట్లు కొట్టింది. అవధాని ఆ మాటలకు అర్థాలు అడిగాడు. ఆవిడ మూడింటికి చెప్పి, ‘మారి’ మాత్రం మీ మాటే గదా, మీకే తెలుసు అంది. నేను తెలుగులో అదే చెప్పి ఊరుకున్నాను.

పృచ్ఛకులందరినీ చుట్టివచ్చే ఆవర్తానికి ఒక్కో పాదం చొప్పున పద్యం వచ్చింది. ఊళ్లు మారి మారి నడిచిన ఓ ఆడమనిషి చేనిగట్టున ఆగితే, పాత నుయి ఒకటి పలకరించి, నీ కోసమే ఊరుతున్నానని చెప్పింది. అదీ పద్యం. నేను ఆవిడ చెవిలో అర్థం చెప్పాను. మళ్లీ చెప్పమంది. చెప్పాను. అవధానికి చేతులు జోడించి, మరి కూర్చోలేక బయటికి వెళ్లింది. మా అత్తగారు వెనకే వెళ్లింది.

తిరిగొస్తుంటే కారులో మా అత్తగారు నన్ను మోచేత్తో పొడిచింది.

“అన్నయ్యగారు ఎట్టాంటోడో అడుగు.”

అడిగాను. ఆవిడ కిటికీలోంచి మిరపచేల వైపు చూస్తూ చెప్పింది. లెక్కల మేష్టరట. బృందంలో అసలు సభ్యుడు ఆయనే. పొద్దున్నే కాఫీ దగ్గర తన వాక్యాలు చదివి ఆవిడను విసిగించేవాడట. ఇవేం పిచ్చి ఆటలని ఈవిడ రాళ్ల దగ్గరికి పారిపోయేదట. ఆయన పోయాక బృందంవాళ్లు ఖాళీ కుర్చీలోకి ఈవిడను రమ్మన్నారు. ఆయన కంఠం మళ్లీ వినబడుతుందేమోనని వెళ్లాను, అక్కడే ఉండిపోయాను అంది.

“మా ఆయన పద్యాలు చదివేటోడు వదినా. చానా చండాలంగా చదివేటోడు” అంది మా అత్తగారు. తర్జుమా చేశాక ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు.

మార్చిలో ఆవిడ వెళ్లిపోయింది. ఈమధ్య వీడియో కాల్ చేసి, ఆ హోటలు గదిలో తామూ అవధానం మొదలుపెట్టామని చెప్పింది. డాక్టరుగారు అవధానిగా కూర్చున్నారట. మధ్యలో పొంతనలేని ప్రశ్నలతో ధ్యాస మళ్లించే అప్రస్తుతప్రసంగం ఈవిడ వంతు. ఆయన రెండో పాదంలో ఉండగా, మీ ఇంట్లో ఈరోజు కూరేమిటని అడిగిందట. పాపం, అంతటితో ఆయన పద్యం మరిచిపోయాడట.

“ఇంతకీ ఏం కూరంట?” అంది మా అత్తగారు ఫోనులోకి వంగి.